కోట చివర ఎక్కండి: వెలికో తర్నోవో చర్చిలు, మఠాలు

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకు వినబడుతోందా? ఆ కిటికీ దగ్గరి ఫ్యాను కాస్త తగ్గిస్తే ఇంకా బాగుంటుంది. సరే, ఇప్పుడు చెప్పండి, వినబడుతోందా? మంచిది.

బల్గేరియా గురించి మాట్లాడమని మీరు అడిగినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ముప్పయ్యేళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పాను. ఆ పాఠాల్లో బల్గేరియాకు దక్కిన చోటు ఒక్క పేరా. అంతే, ఒక్క పేరా. మా చెల్లెలి కూతురు వర్నాలో మెడిసిన్ చదువుతోంది, దాన్ని చూడ్డానికి వెళ్ళాను. అక్కడి నుంచి బస్సులో మూడు గంటలు పైచిలుకు ప్రయాణం చేస్తే వెలికో తర్నోవో వస్తుంది. రెండు రోజులు ఉందామని వెళ్ళి అయిదు రోజులున్నాను.

తర్నోవో ఎలా ఉంటుందో ముందు కళ్ళ ముందుకు తెచ్చుకోండి. యాంత్రా అని ఒక నది ఉంది. పెద్ద నది కాదు. కానీ ఆ ఊరి దగ్గరికి వచ్చేసరికి పాము మెలికలు తిరిగినట్టు తిరుగుతుంది. ఆ మెలికల మధ్య నిటారైన కొండలు. ఒక కొండ పేరు త్సారెవెత్స్, అంటే రాజుగారి కొండ. మూడు వైపులా నీళ్ళు, నాలుగో వైపు సన్నటి రాతి దారి. పక్కనే త్రాపెజిత్సా అని ఇంకో కొండ. ఈ రెండింటికీ మధ్య లోయలో, నది ఒడ్డున, అసెన్ పేట. 1185 నుంచి 1393 దాకా రెండో బల్గేరియా సామ్రాజ్యానికి ఇదే రాజధాని.

అక్కడికి వెళ్ళేవాళ్ళు ఏం చేస్తారు? సోఫియా నుంచో, బుకారెస్ట్ నుంచో పొద్దున బస్సులో వస్తారు. త్సారెవెత్స్ కోట ఎక్కుతారు, ఫొటోలు తీసుకుంటారు, భోజనం చేసి వెళ్ళిపోతారు. మొదటి రోజు నేనూ అదే చేశాను. గోడలు చూశాను, బురుజులు చూశాను, కిందికి దిగాను. నిజం చెప్తున్నా, నాకేమీ అనిపించలేదు. ఎందుకంటే ఆ కోటలో కనిపించేదాంట్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ కట్టింది. కథ తెలియకుండా చూస్తే అవి గోడలే. కథంతా కింద ఉంది, చిన్న చిన్న చర్చిల్లో ఉంది. అందుకే మీకు ఒక మాట చెబుదామని వచ్చాను: కింది నుంచి మొదలుపెట్టండి, కోట చివర ఎక్కండి. నేను రెండోసారి అలాగే తిరిగాను. ఇవాళ మిమ్మల్నీ ఆ వరసలోనే తీసుకెళ్తాను.

అసెన్ పేటలో, నదికి కుడి ఒడ్డున, సెయింట్ దిమితర్ చర్చి ఉంది. చిన్నది. ఎర్ర ఇటుక, తెల్ల రాయి వరసలు వరసలుగా పేర్చి, మధ్యమధ్య పూత పూసిన మట్టి బిళ్ళలు పొదిగారు. ఇప్పుడున్నది పాత శిథిలాల మీద మళ్ళీ లేపిన కట్టడం. కానీ జరిగిన చోటు అదే. ఏం జరిగింది?

అప్పట్లో బల్గేరియా బైజాంటియం చేతిలో, అంటే గ్రీకు మాట్లాడే తూర్పు రోమన్ సామ్రాజ్యం చేతిలో ఉంది. కాన్‌స్టాంటినోపుల్‌లో చక్రవర్తి రెండో ఐజాక్. ఆయన హంగరీ రాజు కూతుర్ని పెళ్ళాడాడు. పెళ్ళి ఖర్చులకు కొత్త పన్ను వేశాడు. వేస్తే ఎవరి మీద పడుతుంది? పశువులు కాసుకునేవాళ్ళ మీద పడింది. ఇక్కడి అన్నదమ్ములు ఇద్దరు, పీటర్, అసెన్, చక్రవర్తి దగ్గరికి వెళ్ళి మాకు కొంత భూమి ఇప్పించండి అని అడిగారు. ఇవ్వలేదు. ఇవ్వకపోగా, గట్టిగా మాట్లాడాడని అసెన్‌ను చెంపదెబ్బ కొట్టించారు. ఈ చెంపదెబ్బ సంగతి రాసింది బల్గేరియా వాళ్ళు కాదు, బైజాంటియం చరిత్రకారుడే రాశాడు.

అన్నదమ్ములు తిరిగొచ్చి ఏం చేశారో చూడండి. ఆ ఏడాదే నార్మన్లు థెస్సలొనికీ నగరాన్ని కొల్లగొట్టారు. ఆ నగరాన్ని కాపాడే దైవం సెయింట్ దిమితర్. వీళ్ళేమన్నారు? దిమితర్ ఆ ఊరు వదిలేశాడు, గ్రీకుల పక్షం వదిలేశాడు, మన దగ్గరికి వచ్చాడు, ఇదిగో ఆయన పటం అన్నారు. ఆయన పేరున గుడి కట్టి జనాన్ని పోగేశారు. పూనకం వచ్చినవాళ్ళు లేచి, దేవుడు మన విడుదలకు ఒప్పుకున్నాడు, కదలండి అని కేకలు వేశారు. పూనకం అంటే ఏమిటో మీకు నేను వివరించాల్సిన పని లేదు కదా! తిరుగుబాటు అక్కడ అంటుకుంది. ఒక సామ్రాజ్యం ఒక గుడి వాకిట్లో పుట్టింది.

అక్కడి నుంచి వంతెన దాటితే, ఎడమ ఒడ్డున, నలభై మంది అమరుల చర్చి. తర్నోవోలో నాకు ఒక్క గంటే ఇచ్చి ఒక్క చోటే చూడమంటే నేను ఇక్కడికే వెళ్తాను. బయటికి గొప్పగా ఏమీ కనిపించదు. పొడవైన హాలు, లోపల రెండు వరసల స్తంభాలు. ఆ స్తంభాల దగ్గర ఆగాలి.

ఒక స్తంభం మీద గ్రీకు అక్షరాలు ఉన్నాయి. అది చర్చి కంటే నాలుగు వందల ఏళ్ళు పాతది. చెక్కించింది ఖాన్ ఒముర్తాగ్ (ఖాన్ అంటే అప్పటి బల్గేరియా రాజు), తొమ్మిదో శతాబ్దం, బల్గేరియా ఇంకా క్రైస్తవం తీసుకోని రోజులు. డాన్యూబ్ ఒడ్డున ఇల్లు కట్టించానని, దూరాలు కొలిపించానని చెప్పి, చివర్లో ఒక మాట అంటాడు. దాని సారం ఇది: మనిషి ఎంత బాగా బతికినా చనిపోతాడు, ఇంకొకడు పుడతాడు, ఆ తర్వాత పుట్టినవాడు దీన్ని చూసి, దీన్ని చేయించినవాణ్ణి తలచుకోవాలి. పన్నెండు వందల ఏళ్ళ నాటి మాట అది. నేను ఆ రాతి ముందు నిలబడి, తర్వాత పుట్టినదాన్ని నేనే కదా అనుకున్నాను. ఒంటి మీద రోమాలు లేచాయి.

ఇంకో స్తంభం రెండో ఇవాన్ అసెన్ రాజుది, చెంపదెబ్బ తిన్న ఆ అసెన్ కొడుకు. 1230 మార్చి 9న క్లొకొత్నిత్సా దగ్గర యుద్ధం జరిగింది. ఎపిరస్ అనే గ్రీకు రాజ్యం పాలకుడు థియోడర్ ఒడంబడిక తప్పి దండెత్తి వచ్చాడు. అసెన్ ఆ ఒడంబడిక పత్రాన్నే బల్లేనికి కట్టి, దాన్నే జెండాగా ఎత్తి వెళ్ళాడని చెబుతారు. గెలిచాడు. థియోడర్‌ను పట్టుకున్నాడు, మామూలు సైనికుల్ని మాత్రం ఇళ్ళకు పంపించేశాడు. ఆ మార్చి 9 ఎవరి పండుగ రోజు? గడ్డకట్టిన చెరువులో నిలబెడితే విశ్వాసం వదలకుండా ప్రాణాలిచ్చిన నలభై మంది రోమన్ సైనికుల పండుగ రోజు. అందుకే చర్చికి వాళ్ళ పేరు. స్తంభం మీద అసెన్ తన విజయం రాయించాడు: థియోడర్‌ను అతని దొరలతో సహా పట్టుకున్నాను, ఒద్రిన్ నుంచి ద్రాచ్ దాకా నేల నాది అయింది. ఒద్రిన్ అంటే ఇవాళ తుర్కియేలో ఉన్న ఎదిర్నె, ద్రాచ్ అంటే అల్బేనియా తీరంలో దుర్రెస్. మ్యాపు తీసి చూడండి, బాల్కన్ ప్రాంతం ఆ చివర నుంచి ఈ చివర దాకా.

ఇప్పుడు ఆలోచించండి. గెలిచిన రాజు కొత్త స్తంభం చెక్కించుకోవచ్చు. చెక్కించుకున్నాడు కూడా. కానీ పాత ఖాన్ల స్తంభాలు తెప్పించి దాని సరసన ఎందుకు నిలబెట్టాడు? ఒముర్తాగ్ స్తంభం ఒక్కటే కాదు, ఒక సరిహద్దు కోట పేరున్న ఇంకో పాత స్తంభం కూడా ఉంది. ఆ ఖాన్లు క్రైస్తవులే కారు. అయినా చర్చి లోపలికి తెచ్చాడు. నా ఉద్దేశంలో, మేము నిన్న పుట్టినవాళ్ళం కాదు అని చెప్పడానికే.

ఈ చర్చిలో ఇంకా చాలా జరిగాయి. సెర్బియా వాళ్ళు అంతగా కొలిచే సెయింట్ సావా 1236లో తర్నోవోలోనే కన్నుమూశాడు, మొదట ఇక్కడే పూడ్చారు. తుర్కుల పాలనలో దీన్ని మసీదుగా మార్చారు. 1908లో అప్పటి పాలకుడు ఫెర్డినాండ్ బల్గేరియా పూర్తి స్వాతంత్ర్యాన్ని ప్రకటించింది ఈ చర్చిలోనే. ఇక్కడి తవ్వకాల్లో 1972లో ఒక సమాధి, అందులో కలోయాన్ అనే పేరు చెక్కిన బంగారు ఉంగరం దొరికాయి. ఆ అస్థికల్ని 2007లో మళ్ళీ ఇక్కడే సమాధి చేశారు. అది పీటర్, అసెన్‌ల తమ్ముడు కలోయాన్ రాజు సమాధేనా కాదా అని అక్కడి పండితుల్లో వాదం ఉంది. దాని జోలికి ఇప్పుడు వెళ్ళను, మనకు టైం చాలదు.

1393 సంగతి చెప్పాలి. మూడు నెలల ముట్టడి తర్వాత ఆ జూలైలో నగరం ఒట్టోమన్ తుర్కుల చేతికి చిక్కింది. రాజు ఇవాన్ షిష్మాన్ ఊళ్ళో లేడు. నగరాన్ని నిలబెట్టింది ఎవరు? పాట్రియార్క్ ఎవ్తిమీ, అంటే అక్కడి మతగురువుల్లో అందరికంటే పెద్దాయన. ఆయన పండితుడు. పాత అనువాదాలు సరిదిద్దాడు, అక్షర క్రమం స్థిరపరిచాడు. నగరం పడ్డాక ఆయన్ని దేశాంతరం పంపేశారు.

రాజ్యం పోయింది. మరి పుస్తకాలు? పుస్తకాలు నడిచి వెళ్ళాయి. ఎవ్తిమీతో ముడిపడిన పండితుల్లో కిప్రియాన్ అంతకు ముందే మాస్కోకు వెళ్ళి అక్కడి మెట్రోపాలిటన్, అంటే పెద్ద బిషప్ అయ్యాడు. గ్రిగొరీ త్సంబ్లాక్ కీవ్ చేరాడు. కొస్తెనెత్స్ కాన్‌స్టాంటిన్ సెర్బియాలో కలం పట్టాడు. 1356లో ఇవాన్ అలెగ్జాండర్ రాజు కోసం పూర్తి చేసిన సువార్తల గ్రంథం, రాజు కుటుంబమంతా బొమ్మల్లో ఉన్న గ్రంథం, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తర్నోవోలో నకలు చూశాను. అసలుది చూడాలని ఉంది.

మధ్యలో ఒక చిన్న సంగతి, వెళ్ళేవాళ్ళకు పనికొస్తుంది. బల్గేరియాలో అవును అంటే తల అడ్డంగా ఊపుతారు, కాదు అంటే పైకెత్తుతారు. చర్చి తెరిచి ఉందా అని ఒకావిడను అడిగితే తల అడ్డంగా ఊపింది. నేను వెనక్కి తిరిగిపోయాను. ఆవిడే పిలిచి తలుపు చూపించింది. తిండికి ఇబ్బంది లేదు. పెరుగు వాళ్ళ ప్రాణం. పెరుగులో కీరదోస, వెల్లుల్లి వేసి చల్లగా ఇచ్చే తరాతోర్ ఉంటే శాకాహారులకు ఎండ పూట హాయిగా గడుస్తుంది.

ఇక అర్బనాసి. ఊరికి నాలుగు కిలోమీటర్లు, పీఠభూమి మీద. నడిచి ఎక్కొచ్చు, టాక్సీలో వెళ్ళొచ్చు. అక్కడ క్రీస్తు జనన చర్చి ఉంది. వెతుక్కుంటూ దాని ముందుకే వెళ్ళాను, అయినా పోల్చుకోలేదు. ఎందుకంటే అది చర్చిలా లేదు. పొట్టి రాతి గోడ, పెంకుల కప్పు, చిన్న చిన్న కిటికీలు. గుమ్మటం లేదు, గంటల గోపురం లేదు. పశువుల కొట్టం అనుకుంటారు చూస్తే. తుర్కుల పాలనలో చర్చి ఎత్తుగా కట్టకూడదు, కంటికి ఆనకూడదు. వాళ్ళు ఆనకుండానే కట్టారు.

తల వంచి లోపలికి అడుగు పెట్టండి. ఒక్క నిమిషం ఏమీ కనబడదు. చీకటి. కళ్ళు అలవాటు పడుతుంటే, గోడ మీద ఒక ముఖం కనబడుతుంది. దాని పక్కన ఇంకోటి. దాని మీద ఇంకోటి. తల ఎత్తితే కప్పు మీద కూడా. అరచేయంత ఖాళీ లేదు! మూడున్నర వేల బొమ్మలు ఉన్నాయని అంటారు. పదిహేడో శతాబ్దపు పని చాలా వరకు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి ఒక గోడ దగ్గరే ఆగిపోయాను.

ఆడవాళ్ళకు ఒక భాగం, మగవాళ్ళకు ఒక భాగం. ఆడవాళ్ళ వైపు నిలబడి చూశాను. ఎన్ని వందల మంది ఇక్కడే, ఈ నేల మీదే నిలబడి ఉంటారు? చదువు రానివాళ్ళు. వాళ్ళకు ఈ గోడలే పుస్తకం. బైబిల్ కథంతా వరసగా, సృష్టి దగ్గర్నుంచి తీర్పు దినం దాకా. సాధువులతో పాటు ప్లేటో, అరిస్టాటిల్ లాంటి గ్రీకు తత్వవేత్తల్ని కూడా వేశారు. క్రీస్తుకు ముందే పుట్టినా సత్యం కోసం వెతికినవాళ్ళు, వీళ్ళూ మనవాళ్ళే అని. ఆ పెద్ద మనసు నాకు చాలా నచ్చింది.

జీవిత చక్రం బొమ్మ కూడా ఉంది. పెద్ద చక్రం, దాని అంచు మీద మనుషులు. ఒక పక్క పైకి పాకేవాళ్ళు, పైన వెలుగుతున్నవాడు, ఇంకో పక్క జారిపోయేవాళ్ళు. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మా నాయనమ్మ అనేది. గుర్తొచ్చింది. రాజ్యం పోగొట్టుకుని రెండున్నర వందల ఏళ్ళైన జనం ఆ చక్రాన్ని ఏ కళ్ళతో చూసి ఉంటారు? పైనున్నవాడు ఎల్లకాలం పైనే ఉండడు అని, ఎవరూ బయటికి అనకుండా, గోడ మీద రాసి పెట్టుకున్నట్టు లేదూ? ఇది నా ఊహే. కానీ ఆ చీకట్లో నిలబడితే మీకూ అలాగే అనిపిస్తుంది.

అదే చక్రం ఇంకో చోట ఉంది. ఈసారి చీకట్లో కాదు, బయట, ఎండలో. ఊరికి ఉత్తరంగా ఆరేడు కిలోమీటర్లు వెళ్తే యాంత్రా లోయ అంచున, నిలువు కొండచరియ కింద, ప్రెయొబ్రాజెన్‌స్కీ మఠం. అంటే క్రీస్తు రూపాంతరం పేరు మీద ఉన్న మఠం. దక్షిణం వైపు బయటి గోడ మీద జీవిత చక్రం వేసింది జహారీ జొగ్రాఫ్, 1849 తర్వాత. ఆ కాలపు బల్గేరియా చిత్రకారుల్లో ఆయన్ని మించిన పేరు లేదు. అర్బనాసిలో దాచుకున్న బొమ్మ ఇక్కడ పట్టపగలు గోడ మీదికి వచ్చింది. రెండింటికీ మధ్య రెండు వందల ఏళ్ళు. జనంలో ఎంత ధైర్యం పెరిగిందో ఈ రెండు గోడలు చూస్తే చాలు.

కానీ నన్ను కట్టిపడేసింది ఆ బొమ్మ కాదు. ఆ చర్చి కట్టిన మేస్త్రీల కథ. 1834లో పని మొదలుపెట్టింది దిమితర్ అనే మేస్త్రీ. మరుసటి ఏడాది తర్నోవోలో తుర్కుల మీద తిరుగుబాటుకు ఒక కుట్ర జరిగింది. వెల్చో అనే గాజు వ్యాపారి పేరుతో దాన్ని వెల్చో కుట్ర అంటారు. మొదలు కాకముందే బయటపడింది. అందులో ఈ దిమితర్ మేస్త్రీ కూడా ఉన్నాడు. ఉరి తీశారు. చర్చి సగం గోడల్లో ఆగిపోయింది.

పూర్తి చేసింది ఎవరు? ద్రియానొవో ఊరి నుంచి వచ్చిన నికోలా ఫిచెవ్. కోల్యో ఫిచెతో అంటే అక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 1800లో పుట్టాడు, 1881లో పోయాడు. లోయకు అవతలి ఒడ్డున, సరిగ్గా ఎదురు చరియ కింద, హోలీ ట్రినిటీ మఠం ఉంది, కన్యాస్త్రీల మఠం. అక్కడి చర్చి కూడా 1847లో ఈయన కట్టిందే. ఊళ్ళో హాజీ నికోలీ సత్రం ఈయనదే. కోతి ఇల్లు అని ముచ్చటైన ఇల్లు ఉంది, అదీ ఈయనదే. బ్యాలా అనే ఊరి దగ్గర యాంత్రా మీద పెద్ద రాతి వంతెన ఈయనదే. తుర్కుల అధికారికి 1872లో కచేరీ భవనం కట్టిచ్చింది కూడా ఈయనే. ఏడేళ్ళు తిరిగేసరికి, 1879లో, అదే భవనంలో కూర్చుని బల్గేరియా మొదటి రాజ్యాంగం రాసుకున్నారు. అప్పటికి ఫిచెతో బతికే ఉన్నాడు. పరాయి పాలకుడి కోసం పేర్చిన రాళ్ళ మధ్య సొంత రాజ్యాంగం పుట్టడం కళ్ళారా చూసిన మేస్త్రీ ప్రపంచంలో ఎంతమంది ఉంటారు చెప్పండి?

ఆ చర్చిల్లో కొవ్వొత్తులు వెలిగించే పద్ధతి తెలుసుకోండి. పైనుండే చోట బతికున్నవాళ్ళ కోసం, కింద ఇసుకలో చనిపోయినవాళ్ళ కోసం. నేను పైన మా వాళ్ళందరి పేరునా ఒకటి, కింద దిమితర్ మేస్త్రీ పేరున ఒకటి వెలిగించాను.

ద్రియానొవో మఠం గురించి రెండు మాటలు చెప్పి ముగింపుకు వస్తాను. తర్నోవోకు నైరుతిగా, గంట కూడా పట్టదు. తుర్కుల మీద 1876 ఏప్రిల్‌లో లేచిన తిరుగుబాటులో హరిటోన్ అనే పూజారి, బచో కీరో అనే బడిపంతులు దాదాపు రెండు వందల మందితో ఆ మఠంలో తలదాచుకుని తొమ్మిది రోజులు పోరాడారు. మఠం తగలబడింది. బడిపంతులును తర్నోవోలో ఉరి తీశారు. పక్కనే ఉన్న గుహకు ఇప్పుడు ఆయన పేరే. ఆ గుహలోనే దాదాపు 45,000 ఏళ్ళ నాటి ఆధునిక మానవుల (హోమో సేపియన్స్) ఆనవాళ్ళు దొరికాయని 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పిల్లల్ని తీసుకెళ్తే తప్పకుండా చూపించండి.

ఇప్పుడు కోట ఎక్కుదాం. సాయంత్రం ఎక్కండి, ఎండ తగ్గాక. ఆగ్నేయం మూలన బాల్డ్విన్ బురుజు ఉంది, 1930ల్లో మళ్ళీ కట్టింది. పడమటి నుంచి వచ్చిన క్రూసేడర్లు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకుని అక్కడ కూర్చోబెట్టిన లాటిన్ చక్రవర్తి బాల్డ్విన్‌ను 1205లో కలోయాన్ ఓడించి పట్టి తెచ్చాడు, ఆయన ఇక్కడే బందీగా పోయాడని జనం చెప్పుకుంటారు. కొండ కొసన, అందరికంటే ఎత్తున, పాట్రియార్క్ చర్చి. బల్గేరియా రాజ్యం మొదలై 1300 ఏళ్ళైన సందర్భంగా 1981 నాటికి పునర్నిర్మించారు. బయటికి పాత రూపమే. లోపల మాత్రం తెయోఫాన్ సోకెరొవ్ 1985లో పూర్తి చేసిన ఆధునిక చిత్రాలు. బూడిద రంగు, నలుపు, అక్కడక్కడ ఎరుపు. పొడవాటి మనుషులు, నొప్పి నిండిన ముఖాలు. అక్కడ పూజలు జరగవు. కొందరికి ఈ చిత్రాలు అస్సలు నచ్చవు, చర్చిలో ఇదేమిటి అంటారు. మొదటి రోజు నేనూ అలాగే అనుకుని రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాను. నాలుగో రోజు వెళ్ళినప్పుడు ఆ గోడల మీద ఎవరున్నారో తెలిసింది. అన్నదమ్ములు ఇద్దరు, ముట్టడిలో ఉన్న నగరం, తన జనంతో ఎవ్తిమీ. గంటసేపు కూర్చున్నాను.

బయటికి వచ్చి గోడ అంచున నిలబడండి. కింద యాంత్రా మెలిక తిరుగుతూ కనబడుతుంది. ఒక ఒడ్డున ఎర్రగా దిమితర్ గుడి. ఇవతలి ఒడ్డున నలభై మంది అమరుల చర్చి కప్పు. పైనుంచి చూస్తే అరచేయంత ఉంటుంది, లోపల ఒముర్తాగ్ స్తంభం ఉన్నది ఆ కప్పు కిందే.

ఆ స్తంభం ఫొటోతోనే మొదలుపెడదాం. అమ్మాయీ, ఆ లైట్లు ఆర్పేస్తావా? ప్రశ్నలు ఫొటోలు చూస్తూ అడగండి, మధ్యలో ఆపినా ఫర్వాలేదు.